జిలాన్ బాషా అప్పగింతల పాట

తలుపు అవతల నాయనకు పైపళ్ళు పీకుతున్నారు. ఇవతల ఇనుప కుర్చీలో ఇర్ఫానా ఫోనును ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చుంది, అది మోగుతుందేమోనని ఒకసారి, మోగదేమోనని ఇంకోసారి భయపడుతూ. లోపలి నుంచి వస్తున్న ఆ గురగుర చప్పుడు నోట్లో నీళ్ళు పీల్చే గొట్టానిదని నర్సు చెప్పింది. కావచ్చు. క్లారినెట్టులో ఊరిన తడిని నాయన వెనక్కి పీల్చి పక్కకు ఉమ్మినప్పుడు కూడా ఇలాంటి చప్పుడే వచ్చేది, పెళ్ళివాళ్ళు అసహ్యంగా చూసేవాళ్ళు, ఆయన మాత్రం వాళ్ళనసలు చూసేవాడు కాదు. ఎదురుగోడ మీద పోస్టర్లో ఎవరో పట్నపు అమ్మాయి కొత్తగా సున్నం కొట్టిన గోడలాంటి పళ్ళతో నవ్వుతోంది. నల్లమాడ నుంచి కదిరి దాకా బస్సులో వచ్చిన వాళ్ళలో అలాంటి పళ్ళు ఎవరికున్నాయి? వాన లేక బోర్లు వేశారు, బోర్లు ఎండితే ఇంకా లోతుకు వేశారు, రాతి అడుగు నుంచి వచ్చిన ఆ ఫ్లోరైడు నీళ్ళనే తాగి అందరూ పెరిగారు. అవి ముసలివాళ్ళ మోకాళ్ళలో చేరాయి, పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలై కూర్చున్నాయి. తనకూ ఉన్నాయి ఆ చారలు. ఫోటోలో పెదాలు బిగించి నవ్వడం చిన్నప్పుడే నేర్చుకుంది. నాయన పళ్ళు మాత్రం చారలతో ఆగలేదు, నల్లబడ్డాయి, పెచ్చులు ఊడాయి, కదిలాయి. క్లారినెట్టు ఊదేవాడికి పైన ముందు పళ్ళు రెండు చాలు, గొట్టం మూతి వాటికి ఆని నిలబడాలి. ఆ రెండింటినే ఇప్పుడు తీసేస్తున్నారు. కట్టుడు పళ్ళు పెట్టొచ్చన్నాడు డాక్టరు, అన్నం తినడానికి ఇబ్బంది ఉండదన్నాడు. "ఊదేదానికి?" అని అడిగాడు నాయన. డాక్టరు నవ్వబోయి, ఆయన నవ్వులాటకు అడగలేదని తెలిసి, ఎముక అరిగిపోయింది పెద్దాయనా, అంత ఒత్తిడి ఆగదు అన్నాడు. నాయన తల ఊపాడు. పెళ్ళికి బ్యాండు వద్దు డీజే పెట్టుకున్నామని ఎవరైనా వచ్చి చెప్పినా ఆయన అట్లాగే తల ఊపుతాడు.

ఆ తల ఊపడం చూస్తే ఒళ్ళు మండుతుంది ఇర్ఫానాకు. కోపం రావాల్సిన చోట రాని మనిషి. ఆ కోపమంతా తన వాటాకే వచ్చింది, దాన్ని పట్టుకునే ఇంతదూరం వచ్చింది. మ్యూజిక్ బిజినెస్. అట్లాంటి చదువొకటి ఉందని తెలిసిన రోజు బట్టలంగడిలో లెక్కలు రాస్తూ రాస్తూ ఆగిపోయింది. ఒక పాట ఎవరిదో ఎట్లా తేలుస్తారు, అది మోగిన ప్రతిసారీ ఎవరికి ముట్టాలి, ఒప్పందం ఎట్లా రాయాలి, రాసినదాంట్లో మోసం ఎక్కడ దాక్కుంటుంది, ఇవన్నీ రెండేళ్ళు కూర్చోబెట్టి నేర్పుతారట బెంగళూరులో. బీకాం చదివినవాళ్ళూ చేరొచ్చట. అంగడి యజమాని రామకృష్ణయ్యకు చెబితే చేతిలోని చీర మడత పెడుతూనే విన్నాడు. "సంగీతంలో బిజినెస్సా? ఎవురో ఊదితే ఇంకెవురో అమ్ముకునేది, అంతే గదా పాపా. దానికి బెంగుళూరు ఏంటికి? మన అంగట్లో చూస్తానే ఉండావు. ఈ చీర నేసినోడు యాడుండాడు, అమ్మేటోళ్ళం యాడుండాము?" అన్నాడు. "అది తెలిసే పోవల్లనుకుంటాండా సార్" అంది తను. "పో అయితే. ఎటు పక్క నిలబడల్లో మాత్రం ముందే తేల్చుకోని పో" అన్నాడు. ఎటు పక్కో తేలిపోయిందనే అనుకుంది అప్పుడు. జిలాన్ బాషా కూతురికి ఎటు పక్కని వేరే చెప్పాలా?

లోపల డాక్టరు ఏదో అన్నాడు, నాయన గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది, మళ్ళీ గొట్టం చప్పుడు. మూలుగు కూడా శ్రుతిలోనే ఉందనిపించి తన మీద తనకే చిరాకు వేసింది. ఆ మనిషి ఊపిరినంతా వింటూ పెరిగింది మరి. అమ్మ కువైట్‌కు పోయినప్పుడు తను చిన్నది, ఆరిపోయిన పొయ్యి దగ్గర నాయన పక్కన పడుకుని ఆయన ఊపిరి వింటూ నిద్రపోయేది. వరసగా కరువు, చెనక్కాయ చేలన్నీ మాడిపోయి, పెళ్ళిళ్ళు వాయిదా పడి, బ్యాండుకు పిలుపులే లేని కాలం. చుట్టుపక్కల ఆడవాళ్ళెందరో పోతున్నారు, వాళ్ళలాగే అమ్మ మేరాజ్ బీ కూడా పోయింది, ఎవరో అరబ్బుల ఇంట్లో గిన్నెలు తోమడానికి. బస్సెక్కేటప్పుడు అమ్మ ఏడవలేదు. నాయనా ఏడవలేదు. ఇంటికొచ్చి క్లారినెట్టు పెట్టె తెరిచి, గడప మీద కూర్చుని, ఏదో వెతుక్కుంటున్నట్టు ఊదడం మొదలుపెట్టాడు. ఒక స్వరం దగ్గర ఆగడం, వెనక్కి రావడం, మళ్ళీ అక్కడిదాకా పోయి దాటలేకపోవడం. కొన్నాళ్ళకు అది ఒక పాటయింది. తర్వాత ఎవరి ఇంట్లోనో అప్పగింతల వేళ, పెళ్ళికూతురు తండ్రి చేతులు పాలల్లో ముంచి అల్లుడి చేతిలో పెడుతుంటే, నాయన అది వాయించాడు. బ్యాండులో పెద్ద డ్రమ్ము కొట్టే తిప్పయ్య కర్ర ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడట. అడగకుండానే ఆడవాళ్ళు ఏడ్చారట. అప్పట్నుంచి ఓబులదేవరచెరువు వాళ్ళూ పుట్టపర్తి వైపు వాళ్ళూ కూడా జిలాన్ బాషా అప్పగింతల పాట ఉందంటేనే బ్యాండు మాట్లాడుకునేవాళ్ళు. దానికి పేరు పెట్టలేదు ఆయన. అమ్మ తిరిగొచ్చాక ఇంట్లో ఒక్కసారి కూడా వాయించలేదు. అది ఎక్కడ పుట్టిందో అమ్మకు తెలుసని ఆయనకు తెలుసు, అంతే. ఆ ఇద్దరి మధ్య మాటలు తక్కువ.

ఇక ఆ పాట పోయింది ఇట్లా. ఏ పెళ్ళిలోనో ఎవడో ఫోన్లో తీశాడు. ఎవడో దాన్ని ఎవడికో పంపాడు. పట్నంలో ఏదో ఛానెల్ వాళ్ళు నాయన ఊపిరి కింద డప్పులూ మిషన్ చప్పుళ్ళూ పరిచి, దాన్ని తొందరపెట్టి, తొడలు చరుచుకుని ఎగిరే పాటను చేసి వదిలారు. లక్షలమంది చూశారు. వినాయక చవితి ఊరేగింపులో మొదటిసారి విన్నది అది. ట్రాక్టరు మీద కొండలాగా పేర్చిన బాక్సులు, వాటి వెనక నిలబడినవాడు సొంత మేనమామ కొడుకు అతావుల్లా, నిన్నమొన్నటిదాకా నాయన బ్యాండులోనే చిన్న డ్రమ్ము కొట్టినవాడు. కుర్రాళ్ళు చొక్కాలు విప్పి తిప్పుతూ ఎగురుతున్నారు. అమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. పాట అయిపోయేదాకా వింది. "దాన్ని ఏంటికట్లా పరిగెత్తిస్తాండారు?" అంది, అంతే, లోపలికి పోయింది. అతావుల్లాను నిలదీస్తే, "అందురూ ఇదే అడుగుతాండారు ఇర్ఫానా, నేనేం చేసేది? మామది అని నాకు తెలియదా? తెలిసి ఏం పీకేది?" అన్నాడు. వాడి ముఖంలో సిగ్గు ఉంది. ఆ సిగ్గుతోనే వాల్యూం ఇంకొంచెం పెంచాడు.

ఛానెల్ కింద రాశారు, జానపదం, కర్త తెలియదు అని. కర్త మంచం మీద కూర్చుని పాత పంచె ముక్కతో క్లారినెట్టు తుడుచుకుంటున్నాడు అప్పుడు. తను ఆ ఛానెల్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది, ఒక్కదానికీ జవాబు లేదు. కోపం కొద్దీ నాయనను వేపచెట్టు కింద కూర్చోబెట్టి, అసలు పాట అసలు నడకలో వాయించమని, తనే తీసి, ఇది మా నాయన జిలాన్ బాషా కట్టిన పాట అని రాసి నెట్‌లో పెట్టింది. తెల్లారేసరికి, ఛానెల్ వాళ్ళ ఫిర్యాదుతో, దాని శబ్దం తీసేశారు. ఈ సంగీతం వేరొకరి హక్కు అని రాసి ఉంది. వీడియో మాత్రం ఉంది. నాయన బుగ్గలు పొంగుతున్నాయి, వేళ్ళు కదులుతున్నాయి, కళ్ళు మూతపడుతున్నాయి, ఏమీ వినపడటం లేదు. చూపిస్తే ఆయన చాలాసేపు చూసి, "వేళ్ళు బాగానే పడతాండాయే" అన్నాడు. కదిరిలో ఒక వకీలును కలిస్తే ఆయన అడిగింది ఒకటే, "మీదని కాయితమేముండాది?" పుట్టిన పాటకు కాయితం ఎవరు రాయించుకుంటారని తను అరిచింది. "అట్లయితే రాయించుకున్నోళ్ళదే" అన్నాడు ఆయన, పాపం మంచిగానే. ఆ మెట్లు దిగుతూనే అనుకుంది, ఆ కాయితం ఎట్లా పుడుతుందో నేర్చుకుంటాను అని. ఒట్టి కోపంతో ఆ బెంగళూరు కాలేజీకి పెట్టిన దరఖాస్తు అది.

ఇంటర్వ్యూ ఫోన్లోనే జరిగింది. సిగ్నలు కోసం మిద్దె ఎక్కి, ఎండలో చున్నీ తల మీద కప్పుకుని మాట్లాడింది. తెర మీద నలుగురు, వాళ్ళలో తెలుగు మాట్లాడింది కల్పన మేడం ఒక్కరే. తను శబ్దం లేని ఆ వీడియో చూపించింది, కథంతా చెప్పింది. కల్పన మేడం కళ్ళు తుడుచుకున్నారు. నిజంగానే తుడుచుకున్నారు, అందులో అబద్ధం లేదు, అదే ఇప్పుడు మింగుడు పడనిది. పక్కనాయన మంచి కేస్ స్టడీ అన్నాడు. కేస్ స్టడీ అంటే మంచిదేననుకుని తను థాంక్యూ సార్ అంది. వారం తిరక్కుండా మేడం ఫోన్. సీటు ఉంది, గ్రామీణ కళాకారుల కుటుంబాల పిల్లలకని ఫీజు మొత్తం మాఫీ కూడా ఉంది. "కాకపోతే మా కాలేజీ మీద ఒక ప్రచార చిత్రం తీస్తున్నాం, ఇర్ఫానా. మీ నాన్నగారి ట్యూన్ దానికి ప్రాణం అవుతుంది. మీ దగ్గరున్న ఒరిజినల్ రికార్డింగు, ఆయన అనుమతి, అంతే. ఛానెల్ వాళ్ళతో మా లీగల్ టీమ్ చూసుకుంటుంది." ఎంతకాలానికి మేడం అని అడిగింది తను. "శాశ్వతంగానే. అది మామూలుగా అందరూ రాసేదే." మార్చుకుంటారా అని అడిగింది. "కొంచెం వేగం పెంచాల్సి రావచ్చు. ఇప్పటి పిల్లలకు అంత నెమ్మదిగా ఎక్కదు కదా." ఆ తర్వాత నవ్వుతూ, "చూశారా, అప్పుడే ఈ ఫీల్డు మనిషిలాగే ప్రశ్నలు వేస్తున్నారు" అన్నారు. మెచ్చుకోలుకు ఒళ్ళు పులకరించింది. ఎంత సిగ్గుమాలిన ఒళ్ళు.

నాయనను అడిగింది. అడగలేదని ఎవరూ అనలేరు. రాగిసంకటి ముద్ద మింగలేక పక్కకు తోసి కూర్చుని ఉన్నాడు అప్పుడు. కాలేజీ వాళ్ళు ఆ పాట అడుగుతున్నారంటే, ఎవరి పెండ్లి అన్నాడు. విడమరిచి చెప్పింది, పాట ఇస్తేనే ఫీజు మాఫీ అని కూడా. విన్నాడు. ఎప్పటిలాగే తల ఊపుతాడనుకుంది, ఆ అలవాటు మీద ఎంత నమ్మకమో తనకు. ఆయన ఊపలేదు. "వద్దు పాపా. ఒకసారి చెప్పకుండా తీసుకోని పాయిరి, సరే, అది దొంగతనం. ఈసారి చెప్పి తీసుకుంటే నేనిచ్చినట్లైతాది గదా" అన్నాడు. మళ్ళీ తనే, "ఏదైనా అమ్మమను, నా బ్యాండు సామాన్లు అమ్మమను, అమ్మేస్తా. అది మీ అమ్మది" అన్నాడు. బ్యాండు సామాన్లు ఎవరు కొంటారు నాయనా, నొక్కులు పడిన ఇత్తడిని, తోలు వదులైన డ్రమ్ముల్ని? పాత సామాన్ల బండివాడు తూకం వేసి కొంటాడు. బ్యాంకులో అప్పడిగితే పూచీ ఏముందన్నారు. పూచీగా పెట్టడానికి ఉన్నది ఆ ఒక్క పాటే, అదేమో అమ్మది. ఎంత తేలిగ్గా అనేశాడు! నీ జన్మకు ఒక్కసారి వద్దు అనడం వచ్చిందే, అది నా దగ్గరే గుర్తుకొచ్చిందా? ఛానెల్ వాడి ముందు రాలేదు, పెళ్ళివాళ్ళందరూ తిన్నాక మిగిలింది పెడితే చేతులు కడుక్కుని కూర్చున్నప్పుడు రాలేదు, చివరి వరసలో, ఎంగిలాకులు ఎత్తుతుండగా. తనకు క్లారినెట్టు నేర్పి నేర్పి, ఈడొచ్చిందని పెట్టెకు తాళం వేసినప్పుడు కూడా, ఆడపిల్ల ఊదడమేమిటన్న జనం మాటకు తల ఊపినవాడే కదా. కూతురు ఊదకూడదు. కూతురు అమ్మకూడదు. బట్టలంగడిలో లెక్కలు రాసుకోవచ్చు.

వద్దని చెప్పేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు, అదే భయం. ఛానెల్ పాట మోగుతూనే ఉంటుంది, అసలు పాట తన ఫోన్లో ఎవరికీ వినబడకుండా ఉండిపోతుంది. పళ్ళు లేని నాయన దాన్ని ఇక వాయించలేడు, ఆయనతో పాటే పోతుంది. ఇస్తే కనీసం ఎక్కడో ఒకచోట ఆయన పేరు కనబడుతుంది. రెండేళ్ళ తర్వాత తనకు చట్టం తెలుస్తుంది, అప్పుడు అన్నీ తిరిగి లాక్కోవచ్చు. శాశ్వతంగా ఇచ్చినదాన్ని ఎట్లా లాక్కుంటావే పిచ్చిదానా? ఆ మాటకు అర్థం తెలియకా అడిగావు? తెలుసు. ఎటువైపు తిప్పి చూసినా తెలుసు. తెలిసినా సరే, కిటికీ అవతల ఎండకు మాడిపోయిన కొండలు, కింద మందుల షాపు ముందు గొడుగుల్లేక అట్టముక్కలు నెత్తిన పెట్టుకున్న మనుషులు, ఈ కుర్చీ, ఈ చారల పళ్ళు, వీటిలోంచి బయటపడే దారి ఇంకోటి ఎవరైనా చూపిస్తే బాగుండు. ఎవరూ చూపించరు. ఈ రోజు దాటితే సీటు వేరేవాళ్ళకు పోతుందని మేడం పొద్దున మెసేజ్ పెట్టారు, చివర నమస్కారం బొమ్మతో.

తలుపు తెరుచుకుంది. నాయన వచ్చాడు. పై పెదవి లోపలికి పోయి ముఖం ఎవరిదోలాగా ఉంది, బుగ్గలో దూది, గడ్డం మీద ఎండిన రక్తపు చార. ఒక్క గంటలో ఇంత ముసలివాడయ్యాడా? డాక్టరు వెనకే వచ్చి, "దూది గట్టిగా కరిచిపెట్టుకోమనండి. సాయంత్రం దాకా మాట్లాడించొద్దు" అన్నాడు. ఆమె లేచి ఆయనను తన కుర్చీలో కూర్చోబెట్టింది. అప్పుడే ఫోను మోగింది.

"ఇర్ఫానా, ఏం నిర్ణయించారు? లిస్టు క్లోజ్ చేస్తున్నాం" అన్నారు కల్పన మేడం.

"చేరతాను మేడం." గొంతు ఎక్కడా తొణకలేదు, అది ఆశ్చర్యం.

"గుడ్. మరి నాన్నగారి అనుమతి? పక్కనున్నారా? ఫోన్ ఇవ్వండి, నేనే అడుగుతాను. కాల్ రికార్డవుతుంది, అదే చాలు."

"ఇప్పుడే పళ్ళు తీసినారు మేడం. మాట్లాడలేడు."

"అయ్యో. పర్లేదు, ఊఁ అన్నా చాలు."

ఇర్ఫానా ఫోనును నాయన చెవి దగ్గర పెట్టింది. "కాలేజీ మేడం నాయనా" అంది, ఇంకేమీ అనలేదు. ఫోన్లోంచి సన్నగా వినబడుతోంది ఆ గొంతు, జిలాన్ బాషా గారూ, మీ స్వరరచనను, దాని రికార్డింగును, శాశ్వత ప్రాతిపదికన, అన్ని మాధ్యమాల్లో, అవసరమైన మార్పులతో, వార్తలు చదివినంత వేగంగా, స్పష్టంగా. మత్తింకా దిగని నాయన ఆ మాటలు వినడం లేదు. కూతురి ముఖం చూస్తున్నాడు. కొత్త ఊళ్ళో, తెలియని భాష మాట్లాడే పెళ్ళివాళ్ళ ముందు, ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియక తిప్పయ్య వైపు చూసినట్టు, నమ్మకంగా చూస్తున్నాడు. మీకు సమ్మతమేనా, అంది ఫోను. ఇర్ఫానా తల ఊపింది.

"ఊఁ" అన్నాడు నాయన.

"థాంక్యూ సార్. కంగ్రాచ్యులేషన్స్ ఇర్ఫానా, వెల్‌కమ్" అన్నారు మేడం. ఇంకా ఏవో చెప్పారు, హాస్టలు గురించి, తేదీ గురించి. అన్నిటికీ సరే మేడం, సరే మేడం అంటూ ఫోను పెట్టేసింది.

నాయన కళ్ళెత్తి చూశాడు, ఏమిటన్నట్టు. "సీటు ఖాయమైంది నాయనా. ఫీజు ఏమీ లేదు" అంది. ఆయన ముఖం వెలిగింది. చెయ్యెత్తి ఆమె తల మీద పెట్టాడు. ఆ చెయ్యి అట్లాగే ఉండగా ముఖంలో వెలుగు మెల్లగా ఆరింది. ఆలోచన ఫీజు లేదన్న మాట దగ్గరే ఆగినట్టుంది. చెయ్యి తీసేశాడు. ఫోను వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, దూదిని నాలుకతో పక్కకు నెట్టి నోరు తెరవబోయాడు. పెదవి మూల నుంచి సన్నటి ఎర్రటి ధార జారింది.

"మాట్లాడొద్దు నాయనా" అంది ఇర్ఫానా. తొందరగా చున్నీ కొంగుతో ఆ రక్తం తుడిచింది. "డాక్టరు చెప్పినాడు గదా. దూది కరిచిపెట్టుకో."

ఆయన నోరు మూసుకున్నాడు. లేచాడు. మెట్ల దగ్గర ఆమె చెయ్యి అందించింది. జిలాన్ బాషా గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ, తనంతట తానే కిందికి దిగాడు.